ఖాత్ ఆకు: రెండు రోజుల బలం, వందేళ్ల వివాదం

యెమెన్‌లో మధ్యాహ్న భోజనాలయ్యాక మగవాళ్లు ఒకచోట చేరి హుషారు కోసం లేత ఖాత్ ఆకులు నములుతూ బుగ్గన దాచుకుంటారు. తాంబూలంలా కాసేపట్లో అయిపోయే వ్యవహారం కాదు. గంటల తరబడి రసం మింగుతూ కబుర్లు చెప్పుకుంటారు. ఇథియోపియాలో చాత్, కెన్యాలో మిరా అనేది కూడా ఈ ఆకునే. అలవాటు శతాబ్దాల నాటిది. అయినా చాలాకాలం అది ఎర్రసముద్రం చుట్టుపక్కల, తూర్పు ఆఫ్రికాలోనే ఉండిపోయింది. ఎందుకంటే కోసిన రెండు రోజుల్లో ఆకు బలం చాలావరకు పోతుంది.

శాస్త్రవేత్తలు తికమకపడిందీ ఇక్కడే. యూరప్ ప్రయోగశాలలకు చేరేది ఎండిన ఆకు. అందులో 1930లో కాథిన్ అనే ఉత్తేజపరిచే పదార్థం దొరికింది కానీ, నమిలేవాళ్లు చెప్పే హుషారుకు దాని బలం చాలదు. 1975లో ఐక్యరాజ్యసమితి ప్రయోగశాల తాజా ఆకును పరీక్షించాకే అసలు మందు, కాథినోన్, బయటపడింది. ఇది యాంఫెటమిన్ అనే బలమైన ఉత్తేజక మందుకు దగ్గరి చుట్టం. ఆకు వాడిపోయేకొద్దీ కాథినోన్ బలం తక్కువైన కాథిన్‌గా మారిపోతుంది. మన పత్రికల్లో తరచూ కనిపించే మెఫెడ్రోన్ ఈ కుటుంబానికి చెందిన కృత్రిమ మందే. దాన్ని 2015లో మన మత్తుమందుల నియంత్రణ చట్టం (ఎన్డీపీఎస్) కిందికి తెచ్చారు. అలాగని ఆకునూ ఆ మెఫెడ్రోన్ పొడినీ ఒకే గాటన కట్టకూడదు. నమిలినప్పుడు మందు కొద్దికొద్దిగా ఒంట్లోకి వెళ్తుంది, పొడి ఒక్కసారిగా ఎక్కుతుంది.

విమానాలు వచ్చాక ఆకు ఊరు దాటింది. 1950ల్లో ఇథియోపియా నుంచి, అప్పట్లో బ్రిటిష్ పాలనలో ఉన్న యెమెన్ రేవు ఏడెన్‌కు విమానాల్లో వచ్చేది. బ్రిటిష్ పాలకులు 1957లో అక్కడ నిషేధించి, మరుసటి ఏడాదే ఎత్తేశారు. సోమాలియాలో అధ్యక్షుడు సియాద్ బారే 1983లో నిషేధించాడు. అదీ నిలవలేదు. సోమాలీ, యెమెనీ వలసదారుల కోసం కెన్యా ఆకు లండన్ దాకా చేరడంతో గొడవ అక్కడికీ పాకింది. 2013 జనవరిలో బ్రిటన్ ప్రభుత్వ సలహా మండలే నిషేధానికి తగిన ఆధారాల్లేవని చెప్పింది. హోంమంత్రి థెరిసా మే వినలేదు. 2014 జూన్‌లో నిషేధం అమల్లోకి వచ్చింది. కెన్యాలోని మేరు రైతులకు పెద్ద బేరం పోయింది. అంతకుముందు 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు కూడా ఈ ఆకుకు అంతర్జాతీయ నియంత్రణ అక్కర్లేదన్నారు.

అలా అన్నారని ఆకు మంచిదని కాదు. నమలగానే గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. మొదట మాటల జోరు, ఆకలి తెలియకపోవడం, తర్వాత చిరాకు, దిగులు, నిద్ర పట్టకపోవడం. ఆకులోని టానిన్లు అనే వగరు పదార్థాల వల్ల మలబద్ధకం మామూలు. గర్భిణులు నమిలితే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం ఉంటుందని అధ్యయనాలు చెబుతున్నాయి. అతిగా నమిలేవాళ్లలో కొందరికి భ్రమలు, అనుమానాలూ కలుగుతాయి. అన్నిటికన్నా గట్టి హెచ్చరిక యెమెన్ నుంచే వచ్చింది. 2005లో వెలువడిన అధ్యయనంలో ఖాత్ నమిలేవాళ్లకు గుండెపోటు ముప్పు సుమారు 5 రెట్లుగా, బాగా ఎక్కువ నమిలేవాళ్లలో అంతకు ఎన్నో రెట్లుగా తేలింది.

నోటి జబ్బుల విషయంలోనే లెక్క తేలడం కష్టం. ఖాత్‌తో పాటు సిగరెట్టో హుక్కానో ఉండటం మామూలే. నోట్లో తెల్లమచ్చలు కనిపిస్తే తప్పు ఆకుదా, పొగాకుదా? రెంటినీ విడదీయకుండా చేసిన పరిశోధనలే ఎక్కువ.

పురుగుమందుల సంగతి మరీ తక్కువగా మాట్లాడతారు, నా లెక్కలో అదే ముందు మాట్లాడాల్సింది. యెమెన్ తోటల్లో మందులు విరివిగా కొడతారు. ఆకును తాజాగా అమ్మితేనే డబ్బు, కాబట్టి మందు ప్రభావం తగ్గేదాకా ఆగే ఓపిక రైతుకు ఉండదు. కొన్నవాళ్లలో చాలామంది కడగను కూడా కడగరు.