పెద్ద ప్లేయర్ అయితేనే మంచి కోచా? బేస్‌బాల్ అపోహలు - వాస్తవాలు

టెక్సస్ ఫ్రిస్కోలో పిల్లలకి బేస్‌బాల్ నేర్పిస్తుంటాను. కొత్త సీజన్ వచ్చిందంటే మన తెలుగు పేరెంట్స్ మొదట అడిగేది "ఆ కోచ్ ఏ లెవెల్ దాకా ఆడారండీ?" అనే. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: గొప్పగా ఆడినవాళ్లే గొప్పగా నేర్పిస్తారు.

వాస్తవం: 2023లో మన టెక్సస్ రేంజర్స్ టీమ్‌కి మేనేజర్‌గా (బేస్‌బాల్‌లో హెడ్ కోచ్‌ని అలా అంటారు) ఉండి వరల్డ్ సిరీస్, అంటే మేజర్ లీగ్ ఫైనల్, గెలిపించిన బ్రూస్ బోచీ ఆడిన తొమ్మిది సీజన్లలో ఎక్కువగా బ్యాకప్ క్యాచరే. కానీ క్యాచర్ అంటే ఎవరనుకున్నారు, గ్రౌండ్ మొత్తాన్ని ఎదురుగా చూస్తూ కూర్చునేది అతనొక్కడే, ఏ బంతి వేయాలో పిచ్చర్‌కి, అంటే బంతి విసిరేవాడికి, చెప్పేది అతనే, పిచ్చర్ చెయ్యి అలిసిపోతోందని ముందు కనిపెట్టేదీ అతనే. బోచీకి అదే బడి. వాల్టర్ ఆల్‌స్టన్ అయితే అన్నిటికన్నా పై లెవెలైన మేజర్ లీగ్‌లో ఒక్కటంటే ఒక్కసారి బ్యాటింగ్‌కి దిగాడు, 1936లో, అదీ స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో అవుట్), తర్వాత మేనేజర్‌గా డాడ్జర్స్ టీమ్‌ని 23 సీజన్లు నడిపి 4 టైటిళ్లు తెచ్చాడు. 1941లో .406 బ్యాటింగ్ సగటుతో, అంటే పదిసార్లలో నాలుగు హిట్లతో, ఆడిన టెడ్ విలియమ్స్ మేనేజర్‌గా ఉన్న 1972లో ఇదే రేంజర్స్ 100 మ్యాచ్‌లు ఓడింది. ఆయనకి చేతకాదని కాదు, 1969లో ఇదే టీమ్ వాషింగ్టన్‌లో ఉన్నప్పుడు 86 మ్యాచ్‌లు గెలిపించాడు, కాకపోతే బ్యాటింగ్ వేరు టీమ్ నడపడం వేరు.

అపోహ: ప్రొఫెషనల్‌గా ఆడినవాళ్లకి డబ్బుకి లోటుండదు, కోచింగ్ టైమ్‌పాస్‌కే.

అస్సలు కాదండీ. మన ఊళ్లోనే ఆడే రఫ్‌రైడర్స్ డబుల్-ఎ టీమ్, అంటే మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింద ఉండే మైనర్ లీగ్ టీమ్, ఆ లెవెల్‌లో కనీస జీతం 2023లో ప్లేయర్ల యూనియన్‌తో కుదిరిన ఒప్పందం తర్వాతే ఏడాదికి 30,250 డాలర్లయింది, అంతకుముందు అందులో సగం కూడా లేదు. చాలామంది పై మెట్టు ఎక్కకుండానే ఆగిపోతారు, కోచింగ్ అంటే మళ్లీ కింది లెవెల్ నుంచే, అవే బస్సు ప్రయాణాలు. బోచీ కూడా 1989 నుంచి నాలుగేళ్లు మైనర్ లీగ్‌లోనే పనిచేశాడు.

అపోహ: ఎక్కువ బంతులు వేయిస్తేనే మంచి కోచ్.

ఇది మాత్రం పిల్లల చేతులు పాడుచేస్తుంది. పోయినేడు మోచేయి నొప్పితో ఒక బాబు వచ్చాడు, ఒకే వీకెండ్‌లో రెండు టీమ్‌లకి పిచింగ్ చేశాడట, ఎవరూ లెక్క పెట్టలేదు. పిల్లల చేతులు కాపాడటానికి పెట్టిన పిచ్ స్మార్ట్ గైడ్‌లైన్స్ ప్రకారం 9-10 ఏళ్ల పిల్లలు రోజుకి 75 బంతులు దాటకూడదు, 66 వేసినా నాలుగు రోజులు రెస్ట్. కోచ్ ఎక్కడ ఆడారని తర్వాత అడుగుదురు గానీ, ముందు మా వాడు ఇవాళ ఎన్ని వేశాడని అడగండి.