తండ్రి లేడు, తాత ఉన్నాడు: కందిరీగల ఇంటిపేర్ల చిక్కు

"మగ కందిరీగకి నాన్న ఉండడట, నిజమేనా అండీ?" అని మొన్న తొమ్మిదో తరగతి పాప ఒకతి అడిగింది. నిజమే. రాణి తనతో జతకట్టిన మగవాటి వీర్యాన్ని పొట్టలో ఒక చిన్న సంచిలో దాచుకుంటుంది. గుడ్డు పెట్టేటప్పుడు వీర్యం కలిపితే ఆడది, కలపకపోతే మగది. అంటే మగదానికి తండ్రి లేడు గానీ తాత ఉన్నాడు, ఎందుకంటే దాని తల్లి ఆడది, ఆమెకి తండ్రి ఉండి తీరాలి.

మన దగ్గర భ్రమర కీటక న్యాయం అని ఒకటుంది, మట్టిగూట్లో పెట్టిన పురుగు భ్రమరాన్నే తలుచుకుంటూ తనూ భ్రమరమైపోతుందని. వేదాంతంలో ఉపమానంగా ఎంత అందమైనదైనా, గూట్లో జరిగేది వేరు. ఆ భ్రమరం నిజానికి ఒక కందిరీగ; తల్లి కందిరీగ ఆ పురుగుని కుట్టి కదలకుండా చేసి అక్కడ గుడ్డు పెడుతుంది, పిల్ల ఆ పురుగుని తిని పెరుగుతుంది. ఇది బడిలోనే గూడు విప్పి చూపించాలి.

సరే, పాపకి చెప్పింది సగం మాటే. మిగతా సగాన్ని వైటింగ్ అనే శాస్త్రవేత్త ఒక చిన్న పరాన్నజీవి కందిరీగలో పట్టుకుని 1943లో వివరించాడు. లింగాన్ని తేల్చే జన్యువు ఒకటుంది, దానికి చాలా రూపాలు (యుగ్మవికల్పాలు). వాటిని ఇంటిపేర్లు అనుకోండి. గుడ్డులో రెండు వేర్వేరు ఇంటిపేర్లు చేరితే ఆడది. ఒక్కటే ఉంటే మగది. మరి రెండు ఉండి, ఆ రెండూ ఒకటే అయితే? అప్పుడూ మగదే! తండ్రి ఉన్న మగది, ద్వయస్థితిక (జన్యువులు జంటగా ఉన్న) మగది. దానివల్ల సంతానం కలగడం అరుదు, గూట్లో పనీ చేయదు, తిండి మాత్రం తింటుంది. అన్ని కందిరీగ జాతుల్లోనూ ఇదే పద్ధతి లేదు గానీ చాలావాటిలో ఉంది.

ఇక ఫ్రాన్స్‌కి వెళ్దాం. ఆసియా కందిరీగ, వెస్పా వెలుటినా, 2004లో అక్కడ కనబడింది, చైనా నుంచి వచ్చిన కుండీల సరుకులో దాక్కుని వచ్చిందని అంటారు. తేనెపెట్టెల ముందు కాపు వేసి తేనెటీగల్ని పట్టుకుపోతుంది కాబట్టి పెంపకందార్లకి పెద్ద టెన్షన్ అయింది. జన్యువుల్ని పోల్చి చూస్తే మూలం తూర్పు చైనాలోని జియాంగ్సు, జెజియాంగ్ ప్రాంతమని, వచ్చింది బహుశా కొద్ది రాణులు, లేదా పలు మగవాటితో జతకట్టిన ఒక్క రాణే అని తేలింది.

ఒక్క రాణే అనుకుని లెక్క వేయండి. ఆమె దగ్గర రెండు ఇంటిపేర్లు: అ, ఆ. సంచిలో నాలుగు మగవాటి వీర్యం ఉందనుకుందాం: ఇ, ఈ, ఉ, ఊ. ఖండం మొత్తానికి గరిష్ఠంగా ఆరే ఇంటిపేర్లు! కొడుకులకి తండ్రి లేడు కాబట్టి వాళ్ళందరూ అ లేదా ఆ. కూతుళ్ళేమో అ-ఇ, ఆ-ఉ, ఇలా. చుట్టూ అన్నదమ్ములు తప్ప వేరే మగది లేదు. అ-ఇ కూతురు, 'అ' ఇంటిపేరున్న అన్నతో కలిస్తే ఫలదీకరణ చెందిన గుడ్లలో సగం అ-అ, అంటే సగం మగవే. 'ఆ' ఇంటిపేరున్న అన్నతో కలిస్తే అన్నీ ఆడవి. ఏ కూతురికైనా చిక్కులో పడే అవకాశం సరిగ్గా సగం, ఒకదానితోనే జతకడితే. చాలా మగవాటితో జతకడితే ఆ నష్టం గూళ్ళన్నింటికీ సమానంగా పలచబడుతుంది.

ఫ్రాన్స్‌లో పరిశోధకులు గూళ్ళు తెరిచి చూస్తే ఇదే కనిపించింది. మామూలుగా మగవి పుట్టేది శరత్కాలంలో. పనికత్తెలు మాత్రమే ఉండాల్సిన నెలల్లోనే మగవి కనబడ్డాయి, పరీక్షిస్తే ద్వయస్థితికాలు. 2015లో ఈ సంగతి ప్రచురించారు. ఒక గూటికి ఇది పెద్ద దెబ్బ, ఎందుకంటే వసంతంలో రాణి ఒంటరిగా గూడు మొదలుపెడుతుంది, మొదటి పనికత్తెలు వచ్చేదాకా తిండి తేవడం, గూడు కట్టడం అన్నీ ఆమే చేసుకోవాలి.

అయినా ఆ జాతి ఆగలేదు. స్పెయిన్, పోర్చుగల్, ఇటలీ దాటి 2021లో ఐర్లాండ్‌లోని డబ్లిన్‌లో ఒకటి దొరికింది. దాని మైటోకాండ్రియా జన్యువులు, అంటే తల్లి నుంచి మాత్రమే వచ్చేవి, మూడింటిని చదివి మిగతా ఐరోపా కందిరీగలతో పోల్చారు. అన్నీ ఒకటే, ఒకే తల్లి వరుస.