ఆల్టర్నేటర్ మీరే మార్చుకుంటున్నారా? ముందు ఈ అపోహలు వదిలించుకోండి

ఇంజిన్ బెల్టుతో తిరుగుతూ కరెంటు పుట్టించి బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్‌ను విప్పి బిగించడం బ్రహ్మవిద్యేమీ కాదు. చాలా బండ్లలో రెండు మూడు బోల్టులు, ఒక బెల్టు, ఒక లావు వైరు, ఒక చిన్న కనెక్టర్, అంతే. ఇంట్లో చేసుకుని తర్వాత మా దగ్గరికి తెచ్చే బండ్లలో తేడా ఎక్కువగా విప్పడంలో రాదు. అసలు విప్పాల్సిన పనే లేనిచోట విప్పి, కొత్తది వేశాక కూడా డ్యాష్‌బోర్డులో బ్యాటరీ బొమ్మ ఎర్ర లైటు ఆరకపోతే తల పట్టుకుంటారు. ఆ మెకానిక్ అన్నాడు, ఈ వీడియోలో చూశాను అంటూ వాళ్లు చెప్పే మాటల్లో కొన్ని ఇవి.

అపోహ: బ్యాటరీ బొమ్మ వెలిగిందంటే బ్యాటరీ పోయినట్టే.

బొమ్మ బ్యాటరీదే, ఫిర్యాదు మాత్రం చార్జింగ్ గురించి. ఇంజిన్ నడుస్తుండగా అది వెలిగితే బ్యాటరీకి కరెంటు సరిగా అందడం లేదని అర్థం. బెల్టు జారుతుండొచ్చు, తెగి ఉండొచ్చు, కనెక్టర్ ఊడి ఉండొచ్చు, ఆల్టర్నేటరే పోయి ఉండొచ్చు. ముందు బానెట్ ఎత్తి బెల్టు చూడండి. చాలా బండ్లలో వాటర్ పంపును తిప్పేదీ ఆ బెల్టే, కాబట్టి అది తెగిపోయాక ఇంకో నాలుగు కిలోమీటర్లు లాగిద్దాం అనుకుంటే ఇంజిన్ కాగిపోతుంది.

అపోహ: ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూస్తే తేలిపోతుంది.

దయచేసి ఈ పని చేయకండి. ఎలక్ట్రానిక్స్ పెద్దగా లేని పాత బండ్ల రోజుల్లో పుట్టిన చిట్కా ఇది, ఇంకా చావలేదు. వోల్టేజిలో వచ్చే ఎగుడుదిగుళ్లను బ్యాటరీ మింగేస్తుంటుంది. దాన్ని ఒక్కసారిగా పీకేస్తే అప్పటిదాకా అందులోకి పోతున్న కరెంటుకు దారి లేక వోల్టేజి ఎగిసిపడుతుంది. అడ్డుకునే ఏర్పాటు లేకపోతే వంద వోల్టుల దాకా పోగలదు. ఉండేది సెకనులో కొంత భాగమే అయినా ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ ఈసీయూనో, బాగున్న ఆల్టర్నేటర్‌లో కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడ్లనో బలి తీసుకోవడానికి అది చాలు.

మామూలు మల్టీమీటర్ ఒకటి ఉంటే ఈ సాహసాలన్నీ అక్కర్లేదు. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక బ్యాటరీ మీద 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12 కిందికి పోతే ఖాళీ అయినట్టు. స్టార్ట్ చేశాక సాధారణంగా 13.5 నుంచి 14.7 మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనకద్దం హీటర్ అన్నీ వేసి, కాస్త రేస్ చేసి మళ్లీ చూడండి. స్టార్ట్ చేశాక కూడా 12 దగ్గరే ఉండి మెల్లగా దిగుతోందంటే చార్జింగ్ లేదు. 15 దాటి అక్కడే నిలబడితే వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ మీద అనుమానపడాలి. ఈసీయూ చార్జింగ్‌ను ఆడించే కొత్త బండ్లలో మాత్రం లోడు లేనప్పుడు 13 కింద కనిపించినా కంగారు పడకండి, లైట్లు వేయగానే పెరుగుతుందేమో చూడండి. ఇంజిన్ నడుస్తుండగానే మీటరును ఏసీ వోల్టుల రేంజికి తిప్పి బ్యాటరీ మీద పెడితే అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తోందా, డయోడు పోయి ఉండొచ్చు. రాత్రి బాగున్న బ్యాటరీ పొద్దున్నకి ఖాళీ అయ్యే రోగానికి ఒక్కోసారి ఈ డయోడే కారణం.

అపోహ: బ్యాటరీ దగ్గర 14 రాకపోతే ఆల్టర్నేటర్ మార్చాల్సిందే.

నేను ఎక్కువగా చూసే వృథా ఖర్చు ఇదే. ఇంజిన్ నడుస్తుండగా, బెల్టుకి చెయ్యి, చొక్కా దూరంగా ఉంచి, మీటరు ఎర్ర ప్రోబును ఆల్టర్నేటర్ వెనక లావు వైరు బిగించిన స్టడ్ మీద, నల్లదాన్ని బ్యాటరీ మైనస్ మీద పెట్టండి. స్టడ్ మీద 14.5 ఉండి బ్యాటరీ దగ్గర 12.2 ఉందనుకోండి, ఆల్టర్నేటర్ తన పని తాను చేస్తోంది, దారిలోనే ఎక్కడో ఆగిపోతోంది. మెయిన్ ఫ్యూజ్ కాలి ఉంటుంది, లేదా టెర్మినల్ కింద తెల్లటి, పచ్చటి బూడిద పేరుకుని ఉంటుంది. ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీని కూడా వదలకండి. పైకి బాగానే కనిపిస్తుంది కానీ విప్పి చూస్తే లగ్ (బోల్టు కింద బిగించే కొస) దగ్గర తీగలు సగం తినేసి ఉంటాయి. లైట్లన్నీ వేసి, ఆల్టర్నేటర్ బాడీకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కొలిస్తే 0.2 వోల్టులు మించకూడదు. ఇవేవీ చూడకుండా కొత్తది వేస్తే అదీ చార్జ్ చేయదు, అప్పుడు "డూప్లికేట్ అంటగట్టాడు" అని షాపువాడితో గొడవ.

అపోహ: తాళం తీసేశాం కదా, ఇంక కరెంటెక్కడిది?

ఆ స్టడ్ మీదున్న లావు వైరు నేరుగా బ్యాటరీ నుంచే వస్తుంది, తాళంతో దానికి సంబంధం లేదు. స్పానర్ ఒక కొస నట్టు మీద, రెండో కొస ఇంజిన్‌కి తగిలిందా, నిప్పురవ్వలే. వేలికి ఉంగరం ఉంటే ఇంకా ప్రమాదం. ముందు బ్యాటరీ మైనస్ తీసి పక్కకు కట్టేయండి, బిగించేటప్పుడు దాన్నే చివర పెట్టండి.

అపోహ: పాతది వచ్చినంత సులువుగా కొత్తది కూర్చుంటుంది.

కూర్చోదు. చాలా ఆల్టర్నేటర్ల మౌంటింగ్ చెవిలో, అంటే బోల్టు దూరే చోట, గొట్టంలాంటి ఒక స్టీలు బుష్ ఉంటుంది. బోల్టు బిగించినప్పుడు అది లోపలికి జరిగి బ్రాకెట్‌ను కరిచిపట్టుకుంటుంది, పాతది ఒక్కోసారి ఊడి రాకుండా మొండికేయడానికి కారణం అదే. కొత్తదాంట్లో ఆ బుష్ ముందే లోపలికి ఉంటే అది బ్రాకెట్‌లోకి దూరదు, సుత్తితో ఇంజిన్ మీద యుద్ధం మొదలవుతుంది. అల్యూమినియం చెవి విరిగితే ఇక అంతే. బల్ల మీదే బుష్‌ను ఒకట్రెండు మిల్లీమీటర్లు వెనక్కి తట్టి అప్పుడు పెట్టండి. దానికంటే ముందు రెండింటినీ పక్కపక్కన పెట్టి పుల్లీ గాళ్లు, కనెక్టర్ పిన్నులు, చెవుల దూరం సరిచూసుకోండి. పిన్నులు తేడా వస్తే బోల్టులన్నీ చక్కగా సరిపోయినా చార్జింగ్ మాత్రం రాదు.

బెల్టు తీసేముందు ఫోన్లో ఫొటో తీసుకోండి. ఎక్కించాక ప్రతి పుల్లీ మీదా గాళ్లలో సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి, ఒక్క గాడి పక్కకి ఉన్నా కాసేపటికి చీలిపోతుంది.

అపోహ: ఎక్కువ ఆంపియర్లది వేస్తే బ్యాటరీ ఉడికిపోతుంది.

ఉడికించేది ఎక్కువ వోల్టేజి, ఆంపియర్ల రేటింగ్ కాదు. 90 ఆంపియర్ల చోట 120ది వేసినా బండి ఎంత అడిగితే అంతే ఇస్తుంది. కాకపోతే ఆ వైరూ ఫ్యూజూ తట్టుకుంటాయా అన్నది చూడాలి.

అపోహ: కొత్తది బిగిస్తే చచ్చిన బ్యాటరీని అదే నింపేస్తుంది.

పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీని దాని నెత్తిన పెడితే మొదటిరోజే పూర్తి లోడు మీద పరిగెత్తి కాలిపోవచ్చు. చార్జర్‌తో నింపి, ఆ తర్వాతే బండి స్టార్ట్ చేయండి.

అపోహ: శబ్దం వస్తోందంటే మొత్తం మార్చాలి.

బేరింగ్, కార్బన్ బ్రష్‌లు, రెగ్యులేటర్ చాలా మోడళ్లకు విడిగా దొరుకుతాయి. ఒకవైపే తిరిగే క్లచ్ పుల్లీ ఉన్న బండ్లలో గలగలమంటున్నది ఆ పుల్లీ ఒక్కటే కావచ్చు. దాన్ని విప్పడానికి ప్రత్యేక టూల్ కావాలి, పానాతో కుస్తీ పట్టకండి.

అపోహ: హైబ్రిడ్ అయినా ఇదే పని.

కాదు. చాలా హైబ్రిడ్లలో అసలు ఆల్టర్నేటరే ఉండదు, పెద్ద బ్యాటరీ నుంచి కన్వర్టర్ ద్వారా 12 వోల్టుల బ్యాటరీ నిండుతుంది. మైల్డ్ హైబ్రిడ్లలో చూడ్డానికి అచ్చం ఆల్టర్నేటర్‌లా ఉండేది కొన్నిటిలో ఇంజిన్‌ను స్టార్ట్ చేసే మోటారు కూడా అదే, కొన్ని 48 వోల్టుల మీద నడుస్తాయి. నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తే అది హై వోల్టేజి, వాటి జోలికి పోకుండా దానికి శిక్షణ ఉన్నవాళ్లకే ఇవ్వండి.