పెళ్లి వాక్యం పుట్టిన ఇల్లు

మన చర్చి పెళ్లిళ్లలో ప్రమాణాలకు ముందో తర్వాతో పాస్టరుగారు బైబిల్లో పౌలు పేరున ఉన్న ఉత్తరాల్లో ఒకటైన ఎఫెసీ పత్రిక అయిదో అధ్యాయం తీస్తారు. భార్యలు భర్తలకు లోబడి ఉండాలన్న మాట రాగానే మగపెళ్లివారి బెంచీల్లో ఎవరో ఒకరు నవ్వుతారు. పెళ్లికూతురు తల ఇంకాస్త వంచుతుంది. ఈమధ్య ఉద్యోగాలు చేసుకుంటున్న అమ్మాయిలు మాత్రం ముందే అడిగేస్తున్నారు, అది తప్ప ఇంకో వాక్యం చదవకూడదా అని. "క్రైస్తవ కుటుంబమంటేనే అది కదమ్మా, మొదటినుంచీ అంతే" అని పెద్దల జవాబు.

మొదటినుంచీ అంతేనా? తొలి మూడు వందల ఏళ్లలో క్రైస్తవుల మీద ఇరుగుపొరుగు వేసిన పెద్ద నిందల్లో ఒకటి, వీళ్లు కాపురాలు కూలుస్తారని. ఆ నింద సంగతి తెలియకపోతే ఆ వాక్యం ఎందుకు రాయాల్సి వచ్చిందో కూడా తెలియదు.

ముందు రోమా సామ్రాజ్యంలో ఇల్లంటే ఏమిటో చూడాలి. లాటిన్‌లో 'ఫమీలియా' అంటే అమ్మా నాన్నా పిల్లలూ మాత్రమే కాదు. ఒక యజమాని చెయ్యి కింద బతికే వాళ్లందరూ, బానిసలతో సహా. ఆ మాట పుట్టిందే పనివాడు అనే అర్థమున్న 'ఫాములుస్' నుంచి. చట్టప్రకారం తండ్రి బతికున్నన్నాళ్లూ, కొడుక్కి నలభై ఏళ్లొచ్చినా సరే, ఆస్తి తండ్రిదే. ఆడపిల్లకు పన్నెండేళ్లకే పెళ్లి చేయొచ్చు. బానిసలకు చట్టంలో పెళ్లే లేదు, ఇద్దరు జంటగా బతికినా పుట్టిన బిడ్డ తల్లి యజమానికి చెందుతుంది. దీనికి తోడు అగస్టస్ చక్రవర్తి హయాంలో క్రీ.పూ. 18లోనూ, మళ్లీ క్రీ.శ. 9లోనూ వచ్చిన చట్టాలు పెళ్లి మానేసిన వాళ్లకూ పిల్లల్ని కననివాళ్లకూ వారసత్వంలో కోత పెట్టాయి. భర్త పోయిన స్త్రీ రెండేళ్లలో మళ్లీ పెళ్లి చేసుకోవాలి, లేకపోతే ఆమెకూ ఆ కోతే.

దేవుళ్లు కూడా ఇంటివాళ్లే. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన పొంపేయి పట్టణాన్ని తవ్వితే ఇంటింటా, చాలాచోట్ల వంటగదిలోనే, లారెస్ అనే ఇలవేల్పుల గూళ్లు బయటపడ్డాయి. కొత్త దంపతులకు హితవు చెబుతూ ప్లూటార్క్ అనే గ్రీకు రచయిత, భర్త కొలిచే దేవుళ్లనే భార్య కొలవాలి, వింత పూజలకు వీధి తలుపు మూసేయాలి అన్నాడు. కాబట్టి ఆ ఇంట్లో కోడలో బానిసో "నాకు వేరే దేవుడున్నాడు" అంటే అది ఆమె సొంత విశ్వాసం సంగతిగా ఉండదు. ఇంటి పెద్ద మీద తిరుగుబాటు అవుతుంది.

ఇలాంటి ఇళ్లలోకే సంఘం వచ్చింది. అప్పటికి వాళ్లకు చర్చి భవనం అనేదే లేదు. ఫిలిప్పీలో ఊదారంగు సరుకు అమ్ముకునే లూదియ తన ఇంటివాళ్లందరితో బాప్తిస్మం తీసుకుని, ఊరూరా క్రీస్తును ప్రకటిస్తూ వచ్చిన పౌలు బృందాన్ని పట్టుబట్టి తన ఇంట్లోనే ఉంచుకుంది. ఆ ఇంటికి మగ పెద్ద ఉన్నట్టు బైబిలు కథలో ఎక్కడా లేదు. డేరాలు కుట్టే అకుల, ప్రిస్కిల్ల దంపతులు క్రీ.శ. 49 ప్రాంతంలో క్లౌదియ చక్రవర్తి యూదుల్ని రోము నుంచి వెళ్లగొట్టినప్పుడు కొరింథుకు చేరారు. తర్వాత ఎఫెసులో, మళ్లీ రోములో, సంఘం వాళ్ల ఇంట్లోనే కూడింది. కొత్త నిబంధనలో ఈ జంట పేర్లు ఆరుసార్లు కలిసి వస్తే, పాత గ్రీకు ప్రతుల్లో నాలుగుసార్లు భార్య పేరే ముందుంటుంది. భర్త పేరు ముందు రాసే కాలంలో ఇది ఊరికే జరిగే పని కాదు.

నుంఫా సంగతి ఇంకా తమాషా. కొలొస్సయి పత్రిక చివర ఈ వ్యక్తి ఇంట్లో కూడే సంఘానికి వందనాలున్నాయి. కొన్ని చేతిరాత ప్రతుల్లో "ఆమె ఇంట" అని ఉంటే, కొన్నింటిలో "అతని ఇంట" అని, ఇంకొన్నింటిలో "వారి ఇంట" అని ఉంది. ఆడమనిషి ఇంట్లో సంఘమేమిటని ఎవరో లేఖకుడు మాట మార్చేశాడన్నది చాలామంది పండితుల అనుమానం. నాకూ అదే నమ్మదగ్గదిగా కనిపిస్తుంది.

ఇంటి యజమానే మారితే ఇంటిల్లిపాదీ మారేవాళ్లు, గొడవ ఉండదు. అందులో బానిస మనసులో ఏముందో ఎవరూ అడగలేదనుకోండి. అసలు తంటా భార్య ఒక్కతే మారినప్పుడు. క్రీ.శ. 50ల్లో కొరింథు వాళ్లకు రాస్తూ పౌలు, అవిశ్వాసి అయిన భర్త కాపురానికి ఇష్టపడితే వదలొద్దు, అతనే వెళ్లిపోతే పోనివ్వండి అన్నాడు. ఆ కాపురం లోపల ఎలా ఉండేదో కార్తేజీ క్రైస్తవ రచయిత టెర్టుల్లియన్ క్రీ.శ. 200 ప్రాంతంలో పూసగుచ్చినట్టు రాశాడు. ఆమె ఉపవాసం అనుకున్న రోజే ఆయన ఇంట్లో విందు పెడతాడు. ఆమె పేదల గుడిసెలకు వెళ్లాలనుకుంటే ఆ రోజే ఇంట్లో ఎక్కడలేని పనీ ఊడిపడుతుంది. పస్కా (ఈస్టర్) రాత్రంతా భార్య బయట ఉంటే ఏ భర్త ఊరుకుంటాడు? చెరసాలలో ఉన్న విశ్వాసుల సంకెళ్లు ముద్దుపెట్టుకోవడానికి పంపిస్తాడా? ప్రొద్దున్నే ఏమీ తినకముందు చాటుగా నోట్లో వేసుకునే ఆ ప్రభువు బల్ల రొట్టెముక్క ఏమిటని అనుమానించడా? కొందరు భర్తలైతే "క్రైస్తవురాలివని బయటపెడతా" అని బెదిరించి భార్య కట్నం కాజేసేవాళ్లట. పెనిమిటికి చెప్పకుండా, బైబిలు బియ్యం డబ్బాలో దాచి ప్రార్థనకు వెళ్లొచ్చే ఆడవాళ్లున్న మన ఊళ్లలో దీన్ని ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

బెదిరింపు ఉత్తదీ కాదు. రెండో శతాబ్దం మధ్యలో రోములో ఒకామె క్రైస్తవురాలై, వ్యభిచారం మానని భర్తకు విడాకులిచ్చింది. అతను వెంటనే ఆమె మీద క్రైస్తవురాలని ఫిర్యాదు చేశాడు. ముందు నా ఇంటి లెక్కలు చక్కబెట్టుకోనివ్వండి అని ఆమె చక్రవర్తికి అర్జీ పెట్టుకుని గడువు సంపాదిస్తే, అక్కసు ఆమె గురువు టొలెమేయస్ మీదకు మళ్లింది. నగరాధికారి ఉర్బికస్ ఆయన్ని అడిగిన ప్రశ్న ఒక్కటే, నువ్వు క్రైస్తవుడివేనా అని. ఔనన్నందుకు మరణశిక్ష. ఈ కేసును అదే కాలంలో రోములో ఉన్న జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రాసిపెట్టాడు. ఒక విడాకుల తగాదా ఎంతదాకా వెళ్లిందో చూడండి.

అదే శతాబ్దం చివర్లో సెల్సస్ అనే విమర్శకుడి ఆరోపణ ఇంకా సూటిగా ఉంటుంది. ఉన్ని పనివాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు ఇళ్లలో దూరి, పెద్దలు పక్కన లేనప్పుడు పిల్లలకూ ఆడవాళ్లకూ "మీ నాన్న మాట, మీ పంతులు మాట వినకండి" అని నూరిపోస్తారట. సువార్తల్లోనూ అతని మాటకు కొంత ఊతం దొరుకుతుంది. తండ్రినీ తల్లినీ భార్యనూ పిల్లల్నీ ద్వేషించనివాడు నా శిష్యుడు కాలేడన్న మాట లూకాలో ఉంది. కుటుంబ సదస్సుల్లో ఆ వచనం మీద ప్రసంగం నేనైతే ఎప్పుడూ వినలేదు.

ఇప్పుడు ఆ పెళ్లి వాక్యం దగ్గరికి రండి. భార్యా భర్తా, పిల్లలూ తండ్రీ, దాసుడూ యజమానీ. కొలొస్సయి, ఎఫెసీ పత్రికల్లో ఇవే మూడు జంటలు, ఇదే వరస. ఈ మూడు జంటల లెక్క క్రైస్తవులు కనిపెట్టింది కాదు. క్రీస్తుకు మూడు వందల ఏళ్లకు ముందే గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ ఇంటి పాలనను ఈ మూడు సంబంధాలుగానే విడగొట్టాడు. ఇల్లు సరిగ్గా ఉంటేనే ఊరు సరిగ్గా ఉంటుందన్నది గ్రీకు, రోమా పెద్దమనుషులందరి పాట. కాపురాలు కూలుస్తున్నారన్న చెడ్డపేరు మోస్తున్న చిన్న గుంపు, "మా ఇళ్లూ మీ ఇళ్లలాగే క్రమంలో ఉన్నాయి" అని చూపించుకోవాల్సి వచ్చింది. ఈ రెండు పత్రికలూ పౌలు తర్వాత ఆయన శిష్యులు రాసినవని చాలామంది పండితులు అంటారు. కాదనేవాళ్లూ ఉన్నారు.

అయితే ఉన్నదున్నట్టు ఎత్తిరాసిందీ కాదు. అరిస్టాటిల్ మాట్లాడేది ఇంటి యజమానితో, ఇక్కడ భార్యతో, పిల్లలతో, బానిసతో నేరుగా మాట్లాడతారు. భర్తకు ప్రేమించమన్న ఆజ్ఞ ఉంది. ఎఫెసీలో "ఒకరికొకరు లోబడండి" అన్న మాట ముందు వస్తుంది, అత్యంత ప్రాచీన ప్రతుల్లో తర్వాతి వచనానికి సొంత క్రియే లేదు, పైనున్న 'లోబడటం' నుంచే అరువు తెచ్చుకోవాలి. పెళ్లిలో చదివేటప్పుడు ఆ పై వచనం వదిలేసి మొదలుపెట్టడం మనవాళ్లకు అలవాటు.

ఇంకొకటి కూడా వదిలేస్తాం. కొలొస్సయిలో భార్యకు ఒక్క వచనం ఇస్తే దాసులకు నాలుగు. ఆ గదుల్లో కూర్చున్నవాళ్లలో బానిసలు తక్కువేమీ కాదు. క్రీ.శ. 112 ప్రాంతంలో బితూనియ (ఇప్పటి టర్కీలోని ఒక ప్రాంతం) రోమా గవర్నరు ప్లినీ క్రైస్తవుల గుట్టు తెలుసుకోవడానికి చిత్రహింస పెట్టించింది ఇద్దరు బానిస స్త్రీలను. సంఘంలో వాళ్లు పరిచారకురాళ్లు. మరి సంఘం వాళ్లను విడిపించిందా? దాదాపు అదే కాలంలో అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్, సంఘం డబ్బుతో విడుదల కావాలని బానిసలు ఆశపడకూడదని రాశాడు. రెండు వందల ఏళ్ల తర్వాత స్పెయిన్‌లోని ఎల్విరాలో బిషప్పులు సమావేశమై, కోపంలో పనిమనిషిని చచ్చేలా కొట్టిన యజమానురాలికి, కావాలని చేస్తే ఏడేళ్లు, పొరపాటున జరిగితే అయిదేళ్లు ప్రాయశ్చిత్తం విధించారు. క్రైస్తవ ఇంటి గోడల మధ్య అలాంటివి జరగబట్టే కదా ఆ నియమం.

వితంతువుల విషయంలో మాత్రం ఈ గుంపు నిజంగానే దారి మార్చింది. రాజ్యం మళ్లీ పెళ్లి చేసుకోమని తరుముతుంటే, వీళ్లు వద్దనుకున్నవాళ్లకు తిండి పెట్టారు. క్రీ.శ. 251లో రోము బిషప్ కొర్నేలియస్ లెక్క ప్రకారం ఆ ఒక్క సంఘమే 1500 మందికి పైగా వితంతువుల్నీ దిక్కులేనివాళ్లనీ పోషిస్తోంది. పెళ్లి మానేసిన వాళ్ల మీద అగస్టస్ పెట్టిన శిక్షల్ని క్రీ.శ. 320లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఎత్తేశాడు. పసిపిల్లల్ని బయట పారేయొద్దన్న పట్టు కూడా అలాంటిదే. క్రీ.పూ. 1లో ఈజిప్టులో హిలారియన్ అనే కూలీ భార్యకు రాసిన ఉత్తరం దొరికింది: మగబిడ్డయితే ఉంచు, ఆడబిడ్డయితే పారేయి. ఇంటికి డబ్బు పంపిస్తానన్న ప్రేమ మాటల మధ్యే అది ఉంది. క్రైస్తవుల తొలి బోధ పుస్తకాలు దాన్ని హత్య అన్నాయి.

క్రైస్తవం రాజ్యానికి దగ్గరయ్యాక నింద పోయింది, ఇంటి నియమం మిగిలింది. నాలుగో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలోని తగస్తె ఊళ్లో మోనికా అనే క్రైస్తవురాలు పత్రీషియస్‌తో కాపురం చేసింది. అతను చివరి రోజుల్లో తప్ప క్రైస్తవుడు కాడు, పైగా ముక్కోపి. ఊళ్లో ఆడవాళ్లు మొహాల మీద దెబ్బల గుర్తులతో వచ్చి భర్తల గురించి చెప్పుకునేవాళ్లు. మోనికా నవ్వుతూనే, పెళ్లిలో ఒప్పందపత్రం చదివి వినిపించినప్పుడే మనం బానిసలమయ్యామని గుర్తుపెట్టుకోండి, యజమానుల ముందు తలెత్తొద్దు అనేదట. ఆమె మాట విన్నవాళ్లు వచ్చి కృతజ్ఞతలు చెప్పారనీ, విననివాళ్లు దెబ్బలు తింటూనే ఉన్నారనీ రాసింది ఆమె కొడుకు, తర్వాత బిషప్ అయిన అగస్టీన్. తన తల్లి మంచితనానికి ఒక ఉదాహరణగానే రాశాడు.