ప్రొసెక్కో పేరు గొడవ: అంతా 2009లోనే మొదలైంది

యూరోపియన్ యూనియన్‌కూ ఆస్ట్రేలియాకూ వాణిజ్య చర్చలు జరిగినప్పుడల్లా ప్రొసెక్కో పేరు ఎవరిదన్న పేచీ పైకి వచ్చింది. ఈశాన్య ఇటలీకి చెందిన ఈ నురగల తెల్ల వైన్ గురించి రోమన్ల కాలం నుంచి తవ్వుకు రానక్కర్లేదు. 2009 జులై చాలు.

అప్పటిదాకా ప్రొసెక్కో అంటే ఒక ద్రాక్ష రకం. రకం పేరును ఎక్కడి రైతైనా సీసా మీద వేసుకోవచ్చు. ప్రాంతం పేరుకైతే చట్టం కాపలా ఉంటుంది. విదేశాల్లో ఈ పేరుతో డబ్బాల్లో కూడా వైన్ అమ్ముతుండడంతో పేరు చేజారిపోతుందని ఇటలీ కంగారుపడింది. వ్యవసాయ శాఖ ద్రాక్షకు గ్లేరా అన్న పేరు ఖాయం చేసింది. ట్రియెస్టె నగరం పక్కన ప్రొసెక్కో అనే ఊరుంది. ప్రొసెక్కోను ప్రాంతం పేరుగా చూపడానికి అదీ లోపలికి వచ్చేలా 9 జిల్లాలు కలిపి హద్దు గీసింది. ఈ వైన్‌కు పేరు తెచ్చిన వాల్దొబ్బియాదెనె కొండలు ఆ ఊరికి వంద కిలోమీటర్ల పైనే దూరం.

హద్దు అంత వెడల్పు కావడం రుచిలోనే తెలుస్తుంది. గ్లేరా విరగకాసే తీగ. కొత్త హద్దులోని మైదానాల్లో హెక్టారుకు 18 టన్నుల దాకా కోసుకోవచ్చు. కొనెల్యానో, వాల్దొబ్బియాదెనె కొండల్లో పరిమితి 13.5 టన్నులు, అదే కొండల్లోని 107 హెక్టార్ల కార్తిత్సె వాలులో 12. కాపు మితిమీరితే వైన్ పలచబడి వాసన తగ్గుతుంది. తయారీ మాత్రం రెండుచోట్లా దాదాపు ఒకటే. ముందు మామూలు తెల్ల వైన్ చేసి, మూసిన స్టీల్ ట్యాంకులో చక్కెర, ఈస్ట్ కలిపి రెండోసారి పులియబెడతారు. లీటరుకు 24 గ్రాముల చక్కెర పులిస్తే సుమారు 6 బార్ల (మామూలు గాలి పీడనానికి ఆరింతల) ఒత్తిడి పుడుతుంది. షాంపేన్‌లా సీసాలో ఏళ్ల తరబడి ఈస్ట్ మడ్డి మీద ఉంచితే గ్లేరాకున్న పియర్, తెల్లపూల సువాసన అణిగిపోయి రొట్టె వాసన పైకొస్తుంది. ట్యాంకు వాడేది అందుకే. కొనేవాళ్లు పొరబడేది లేబుల్ మీద రాసే తీపి స్థాయి దగ్గర: బ్రూట్‌లో లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర, ఎక్స్‌ట్రా డ్రైలో 12 నుంచి 17, డ్రైలో 17 నుంచి 32. డ్రై అంటే తీపి లేనిదనుకుంటారు గానీ ఈ మూడిట్లో అదే ఎక్కువ తీపి.

ఇక ఆస్ట్రేలియా. వాల్దొబ్బియాదెనె నుంచి వలస వెళ్లిన ఒత్తో దల్ జోత్తో 1999లో విక్టోరియాలోని కింగ్ వ్యాలీలో ఈ తీగ నాటారు. 2004లో తొలి వైన్ వచ్చింది. అప్పటికి ఇటలీలోనూ అది ద్రాక్ష పేరే. అందరిదీ అయిన పేరు నమ్ముకుని నాటాక, పదేళ్లకు దాన్ని ఊరి పేరుగా మార్చి మమ్మల్ని తప్పుకోమంటే ఎలా అన్నది అక్కడి రైతుల ప్రశ్న. 2013లో ఆస్ట్రేలియా ట్రేడ్‌మార్క్ అధికారులు వాళ్ల మాటే నిలబెట్టారు. సింగపూర్ అత్యున్నత న్యాయస్థానం 2023లో ఇటలీ వైపు మొగ్గింది. 2024 మేలో అమల్లోకి వచ్చిన ఒప్పందం కింద న్యూజిలాండ్ ఐదేళ్లలో ఈ పేరు వదులుకోవాలి.

కొండల మీది రైతులకు 2009లో ఇటలీ వైన్లలో అత్యున్నత హోదా దక్కింది. మైదానాల నుంచి ఏటా కోట్ల సీసాలు అదే పేరుతో దిగుతుంటే తేడా చెప్పుకోవడానికి వాళ్లలో కొందరు లేబుల్ మీంచి ప్రొసెక్కో తీసేసి కొనెల్యానో వాల్దొబ్బియాదెనె అని మాత్రమే వేస్తున్నారు.