చికెన్ అన్నం తినే కుక్కపిల్లకు కాళ్లెందుకు వంకరపోతాయి? అపోహలు - వాస్తవాలు

"రోజూ చికెనే పెడుతున్నామండి, అదీ బోన్‌లెస్సు. ఇంతకంటే బలం ఏముంటుంది చెప్పండి?"

నరసాపురంలో కుక్కలకు వైద్యం చేసే నాకు ఈ మాట వినని వారం ఉండదు. అన్నవాళ్ల చేతిలో మూడు నాలుగు నెలల ల్యాబ్రడార్ (ల్యాబ్) పిల్లో, జర్మన్ షెపర్డో ఉంటుంది. బొద్దుగా, బొచ్చు నిగనిగలాడుతూ చూడముచ్చటగానే ఉంటుంది. కింద దింపితే మాత్రం ముందుకాళ్లు పక్కలకు వంగిపోయి, పంజాలు చదునుగా పరుచుకుపోయి, నాలుగడుగులు వేసి కూలబడుతుంది. నడుం మీద చెయ్యి వేస్తే కుయ్యిమంటుంది.

అందుకే అన్నిటికంటే ముందు దీని సంగతి తేల్చేస్తాను. మిగతావి తర్వాత, ఓపికుంటే.

అపోహ: చికెన్, అన్నం పెడితే కుక్కపిల్లకు అన్నీ అందినట్టే.

వాస్తవం: అందవు. ముఖ్యంగా కాల్షియం అసలే అందదు. 100 గ్రాముల మెత్తటి చికెన్‌లో భాస్వరం 200 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, కాల్షియం 15 మిల్లీగ్రాములు ఉంటే గొప్ప. అన్నంలో అదీ లేదు. పెరిగే కుక్కపిల్లకు 1000 కేలరీల తిండికి 3000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. మూడు నెలల ల్యాబ్ పిల్ల రోజుకు దాదాపు అంత తిండీ తింటుంది. చికెన్ అన్నంలో దానికి దొరికే కాల్షియం 100 మిల్లీగ్రాముల చుట్టుపక్కల. అంటే రూపాయికి మూడు పైసలు.

మిగతా తొంభై ఏడు పైసలు ఎక్కడి నుంచి వస్తాయి? దాని ఎముకల్లోంచే. రక్తంలో కాల్షియం తగ్గితే గుండె, కండరాలు, నరాలు పనిచేయవు కాబట్టి శరీరం ఊరుకోదు. మెడ దగ్గరుండే పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్ వదిలి, ఎముకల్లోని కాల్షియాన్ని కరిగించి రక్తంలోకి తోడేస్తాయి. ఇక్కడే చాలామంది మోసపోతారు. "కాల్షియం టెస్టు చేయించాం సార్, నార్మలే" అని రిపోర్టు చూపిస్తారు. నార్మల్‌గానే ఉంటుంది మరి. ఎముకలను కరిగించి మరీ దాన్ని నార్మల్‌గా ఉంచుతోంది కదా! ఈ జబ్బులో రక్తపరీక్ష చూసి ధైర్యం తెచ్చుకోకండి, ఎక్స్‌రే తీయించండి. ఫిల్మ్ మీద తెల్లగా కనబడాల్సిన ఎముక చుట్టూ ఉన్న కండతో సమానంగా బూడిదరంగులో ఉంటుంది. అంచు సన్నటి గీతలా మిగులుతుంది.

ఆ మధ్య సఖినేటిపల్లి వైపు నుంచి భార్యాభర్తలిద్దరు ల్యాబ్ పిల్లను ప్లాస్టిక్ టబ్బులో పడుకోబెట్టుకుని, పంటు మీద గోదావరి దాటి వచ్చారు. మంచం మీంచి దూకిందట, అంతే. తొడ ఎముక విరిగింది. ఎక్స్‌రేలో చూస్తే అంతకుముందే పగిలి, దానంతటదే సగం అతుక్కున్న గీతలు ఇంకో రెండు చోట్ల ఉన్నాయి. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుని, "మేం తిన్నా తినకపోయినా దానికి మాత్రం పావుకిలో కండ తెప్పిస్తామండి. ఎముక గొంతులో అడ్డం పడుతుందని ఒక్క ముక్క కూడా పెట్టలేదు" అంది. ఆవిణ్ని ఏమని కోప్పడతాం? నిర్లక్ష్యంగా పెంచేవాళ్ల కుక్కలకు కాదు, ఇలా ప్రాణంగా చూసుకునేవాళ్ల కుక్కలకే ఈ జబ్బు ఎక్కువ. ఆ పిల్ల కోలుకుంది, కొంచెం కుంటు మిగిలింది. అందరికీ అంత అదృష్టం ఉండదు. వెన్నుపూస విరిగి వెనక కాళ్లు పడిపోయినవీ వస్తాయి. కటి ఎముక కుంగిపోయినవి జీవితాంతం మలబద్ధకంతో బాధపడతాయి, ఆడదైతే పిల్లల్ని కనడం కష్టమవుతుంది.

ఇక ఇంటి చిట్కాలు. ఒక్కొక్కటే చెబుతా.

ఎండలో కూర్చోబెట్టండి, డి విటమిన్ వస్తుంది అంటారు. మనుషులకు వస్తుంది, కుక్కకు రాదు. కుక్క చర్మం ఎండ నుంచి చాలినంత డి విటమిన్ తయారుచేసుకోలేదు, దానికది తిండిలోనే రావాలి. రోహిణి కార్తె ఎండలో గంటసేపు కట్టేస్తే వచ్చేది వడదెబ్బ.

ఎముకల సూపు పోస్తున్నాం అంటారు. ఎన్ని గంటలు మరిగించినా ఎముకలోని కాల్షియం నీళ్లలోకి దిగేది చాలా తక్కువ. కుక్క ఇష్టంగా తాగుతుంది, అంతవరకే.

రాగిజావ మంచిదే. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. కానీ మీరు జావలో వేసేది రెండు మూడు చెంచాల పిండి. అందులోనూ గింజల్లో ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు అడ్డుపడి ఒంటికి పట్టేది కొంతే. పాలు లీటరుకు గ్రాము పైచిలుకు కాల్షియం ఇస్తాయి. ఆ లెక్కన కుక్కపిల్లకు రోజుకు రెండు లీటర్లకు పైనే పోయాలి. పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి.

నన్ను నిజంగా భయపెట్టేది మాత్రం గేదెల కాల్షియం డబ్బా. మన వైపు పాడి ఉన్న ఇంట్లో అది ఉండనే ఉంటుంది. "గేదెకు పనిచేసింది కుక్కకు చేయదా" అని చెంచాలు చెంచాలు పోస్తారు, మినరల్ మిక్చర్ గుప్పెడు కలుపుతారు. అవి నాలుగైదు వందల కిలోల జంతువు అవసరానికి, దాని పొట్టకు తగ్గట్టు చేసినవి. కుక్కపిల్ల కోసం కాదు. ఇంకో వైపు, కొన్న పప్పీ ఫుడ్డే పూర్తిగా పెడుతూ పైన కాల్షియం సిరప్ కూడా తాగించేవాళ్లున్నారు. పెద్ద జాతుల పిల్లలు ఆరు నెలల లోపు ఎక్కువైన కాల్షియాన్ని వద్దని ఆపుకోలేవు, పేగు పీల్చేసుకుంటుంది. అప్పుడూ కాళ్లు వంకరే. తక్కువైనా తంటా, ఎక్కువైనా తంటా అని చెబితే జనానికి నమ్మకం కుదరదు గానీ జరిగేది అదే.

"మరి వీధికుక్కలకు రాదేం?" ఇది తెలివైన ప్రశ్నే. చికెన్ షాపు దగ్గర అవి తినేది బోన్‌లెస్ కాదు. తలలు, కాళ్లు, మెడలు, చేపల మార్కెట్‌లో తలకాయలు, ముళ్లు అన్నీ తింటాయి. పైగా నాటు కుక్క ఒళ్లు చిన్నది, పెరుగుదల నిదానం. ల్యాబ్ నాలుగు నెలల్లో పెరిగినంత అది పెరగదు. వీధిలో పుట్టి, మూడు నెలలు నిండకుండా పోయిన పిల్లలను ఎవరూ ఎక్స్‌రే తీయరు కూడా.

వేసవి వస్తే ఇది ఇంకా ముదురుతుంది. చికెన్, గుడ్డు వేడి చేస్తాయని ఆపేసి, మార్చి నుంచి వానలు పడేదాకా పెరుగన్నం మీదే ఉంచేస్తారు. చలువ సంగతేమో గానీ ఆ మూడు నెలలే పిల్ల ఎముక పెరిగే కాలం. కాల్షియం చాలదు సరే, మాంసకృత్తులు కూడా చాలవు. తిండి వేళలు మార్చండి, పొద్దున్నే ఎండెక్కకముందు, సాయంత్రం చల్లబడ్డాక పెట్టండి. తిండి మాత్రం మార్చకండి.

కాళ్లు అప్పటికే వంగాయా? టెన్షన్ పడకండి, తొందరగా తెస్తే చాలావరకు బాగవుతుంది. "ఒక్క కాల్షియం ఇంజెక్షన్ వేసేయండి డాక్టరు గారూ" అని మాత్రం అడగొద్దు. దీనికి వైద్యం ఇంజెక్షన్ కాదు, తిండే. సమతుల్యమైన పప్పీ ఫుడ్‌కి మార్చి, దూకకుండా, మెట్లెక్కకుండా, నున్నటి టైల్స్ మీద జారకుండా చిన్న చోట కట్టడి చేస్తే వారం పది రోజుల్లో నొప్పి తగ్గుతుంది. ఎముక గట్టిపడటానికి నెల, రెండు నెలలు పడుతుంది. నొప్పి తగ్గింది కదా అని పదో రోజునే వదిలేస్తే అప్పుడే విరుగుతుంది. వంకర మరీ ముదిరిందంటే గన్నవరం వెటర్నరీ కాలేజీకి పంపుతాం.

అయితే ఇంట్లో వండకూడదా? వండొచ్చు, పెద్ద కుక్కకు. పిల్లకు మాత్రం ఏడాది నిండేదాకా, పెద్ద జాతైతే ఇంకాస్త ఎక్కువ కాలం, సొంత ప్రయోగాలు వద్దంటాను. పెరిగే పిల్లకు కాల్షియంతో పాటు భాస్వరం కూడా లెక్కగా కావాలి. దాన్ని గుడ్డు పెంకుతో సర్దలేం, డాక్టరు చేత బరువును బట్టి రాయించుకోవాలి.

పెరిగిన కుక్కకైతే గుడ్డు పెంకు బంగారం. పెంకులు కడిగి, పది నిమిషాలు మరిగించి, ఎండబెట్టి, మిక్సీలో వేయండి. వేళ్ల మధ్య రాస్తే ముగ్గుపిండిలా మెత్తగా ఉండాలి, గరగరలాడితే మళ్లీ తిప్పండి. చదును చెంచాడు పొడి ఐదు గ్రాములు, అందులో కాల్షియం రెండు గ్రాముల దగ్గర ఉంటుంది. ఇరవై కిలోల కుక్కకు రోజుకు అర చెంచా పైచిలుకు చాలు. నూకలు బాగా మెత్తగా ఉడికించి, తిండిలో సగం దాకా మాంసమో గుడ్డో చేపో, కాస్త గుమ్మడికాయ, సొరకాయ, చెంచా నూనె వేయండి. కార్జం వారానికి ఒకసారి, కొంచెమే. చవగ్గా దొరుకుతుందని రోజూ పెడితే ఎ విటమిన్ ఎక్కువై అదో కొత్త జబ్బు. ఇంత చేసినా జింకు, అయోడిన్, డి, ఇ విటమిన్లు చాలవు, కుక్కల కోసమే చేసిన సప్లిమెంట్ ఒకటి కలపాలి. యూట్యూబ్‌లో చూసి వండుతున్నాం అనేవాళ్లకు ఒక మాట. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ వాళ్లు పుస్తకాల్లో, వెబ్‌సైట్లలో ఉన్న 200 వంటకాలు తీసి లెక్కకడితే 95 శాతం వాటిలో కనీసం ఒక ముఖ్యమైన పోషకం తక్కువగా తేలింది. వాటిలో పశువైద్యులు రాసినవి కూడా ఉన్నాయి. కాబట్టి నేను రాసిన ఈ నాలుగు ముక్కలు కూడా దిశ చూపడానికే, కొలతలు మీ కుక్కను చూసే డాక్టరుతో వేయించుకోండి.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

అన్నం తింటే కుక్కకు చర్మరోగం వస్తుందా? రాదు. కుక్క తోడేలు కాదు. పిండిపదార్థం అరిగించుకునే జన్యువు తోడేలు కంటే కుక్కలో ఎన్నో రెట్లు ఎక్కువ కాపీలు ఉంటుందని 2013లోనే నేచర్ పత్రికలో వచ్చింది. గోకుడుకు మీ ఇంట్లో పిడుదులు, గోమార్లు ఉన్నాయేమో ముందు చూడండి.

ఉప్పు వేస్తే బొచ్చు ఊడుతుందా? చిటికెడు ఉప్పుకు ఏమీ ఊడదు. పచ్చళ్లు, ఎండుచేపలు మాత్రం వద్దు.

తీపి తింటే పురుగులు పడతాయా? ఏలికపాములు తల్లి కడుపులో ఉండగానే, తల్లి పాలల్లోనే పిల్లకు వస్తాయి. తీపి మానేసినా ఉంటాయి. పురుగుల మందు వేయించండి. తీపి ఎలాగూ మంచిది కాదు, అది వేరే సంగతి.

పచ్చి మాంసం తింటే కరవడం మొదలుపెడుతుందా? లేదు. కానీ సాల్మొనెల్లా లాంటి క్రిములు కుక్కకూ వస్తాయి, గిన్నె కడిగే మీకూ వస్తాయి. ఉడికించండి.

ఒకటి మాత్రం గబగబా దాటేయలేను. మనం తినేది పెడితే ఏమవుతుంది అంటారే, అది. మన కూరలో ఉల్లిపాయ లేకుండా ఏముంది? కుక్క బరువులో కిలోకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లిపాయ పడితే ఎర్రకణాలు దెబ్బతింటాయి. ఐదు కిలోల పమేరియన్‌కు ఒక మాదిరి ఉల్లిపాయ చాలు. ఉడికించినా, వేయించినా ఆ విషం పోదు. వెల్లుల్లి అంతకంటే ఘాటు. ఆ రోజు ఏమీ తెలియదు. రెండు మూడు రోజులకు చిగుళ్లు తెల్లబోయి, మూత్రం టీ డికాషన్ రంగులో పోస్తుంది. అప్పుడు పరిగెత్తుకొచ్చి, "నిన్న ఏం పెట్టలేదండి" అంటారు. నిన్న కాదు, మొన్న పెళ్లి భోజనంలో మిగిలిన బిర్యానీ గ్రేవీ అడుగున ఉంటుంది జవాబు. పరమాన్నం, చక్కెర పొంగలి ప్రసాదమే కదా అని పెడతారు. అందులోని కిస్‌మిస్ కొన్ని కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తుంది. ఏ కుక్కకు ఎన్ని పడతాయో ముందుగా చెప్పలేం. తిన్నట్టు కళ్లతో చూస్తే లక్షణాల కోసం ఆగకుండా, ఆ గంటలోనే తీసుకురండి.

ఇక చేపలు. పచ్చి చేపల్లో కొన్నిటికి బి1 విటమిన్‌ను విరగ్గొట్టే థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, ఉడికిస్తే అది పోతుంది. కాబట్టి చెరువు చేపైనా, సముద్రపు చేపైనా ఉడికించి, ముళ్లు తీసి పెట్టండి. ఉడికిన కోడి ఎముకలు పెట్టొద్దు, పెళుసుగా విరిగి గుచ్చుకుంటాయి. కుక్కర్లో చాలాసేపు ఉంచి, వేలితో నొక్కితే పిండి అయ్యేంతగా ఉడికితే పర్వాలేదు.

పులస పెట్టొచ్చా అని మొన్న ఒకాయన అడిగారు, ఆట పట్టిస్తున్నారేమో అనుకున్నాను. కాదు, నిజంగానే. ముళ్ల గురించి, పులుసులోని ఉల్లిపాయ గురించి చెప్పాను. "అయితే ముళ్లు తీసి, పులుసు కడిగేసి పెడతానండి" అన్నారు. అంత ఖరీదైన చేపను పులుసు కడిగి కుక్కకు పెడితే ఇంట్లో ఆవిడ ఊరుకుంటారా అని అడిగా. ఆవిడే అడగమన్నారట.