షుగర్ బిళ్ల, గుర్రం మూత్రం, ట్రైనర్ లైసెన్సు

రేసులో గెలిచిన గుర్రం మూత్రంలో నిషేధిత మందు దొరికిందంటే చాలు, వేళ్లన్నీ దాన్ని రేసుకు తయారుచేసే ట్రైనర్ వైపే తిరుగుతాయి. "ఎవరో పెట్టారు, నాకు తెలియదు" అంటే కుదరదు. తన తబేలాలోని గుర్రం ఒంట్లోకి ఏం వెళ్లినా జవాబు చెప్పాల్సింది అతనే. హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులోనైనా, అమెరికాలోనైనా మూల సూత్రం ఇదే. అది న్యాయమా కాదా అన్న వాదన మాత్రం శాంపిల్ పాజిటివ్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ లేస్తుంది.

మలక్‌పేట మైదానం, నిజాం నవాబుల సరదాలు అందరూ విన్నవే. 2021లో అమెరికాలోని పేరుమోసిన కెంటకీ డెర్బీ రేసు గెలిచి, మిల్లీలీటరు రక్తంలో 21 పికోగ్రాముల బీటామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు దొరికి టైటిల్ పోగొట్టుకున్న మెదీనా స్పిరిట్ అనే గుర్రం సంగతీ పాతదే. (పికోగ్రామంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు.) నా లెక్కలో అసలు మలుపు 2023లో వచ్చింది. అదీ మన ఇళ్లలో రోజూ వేసుకునే షుగర్ బిళ్లతో.

ఆ ఏడాది మే నుంచి అమెరికాలో రాష్ట్రానికో రూలు పోయి, చాలా రాష్ట్రాలకు ఒకే డోపింగ్ విధానం వచ్చింది. అందులో ఆ షుగర్ బిళ్ల, అంటే మెట్‌ఫార్మిన్, పూర్తి నిషేధిత జాబితాలో చేరింది. దొరికితే రెండేళ్ల దాకా వేటు. వరంగల్‌లో షుగర్ పేషెంటు ఏ సర్కారు దవాఖానకు వెళ్లినా చేతిలో పెట్టే మాత్ర అది. ఒంట్లో పెద్దగా మారకుండా, ఉన్నదున్నట్టే మూత్రంలో బయటికొస్తుంది. షుగర్ ఉన్న సైసు (గుర్రాన్ని చూసుకునే పనివాడు) బాత్రూం దాకా పోలేక గడ్డిలోనే కానిచ్చేశాడనుకోండి, గుర్రం నమిలేది ఆ గడ్డినే. మనిషి వాడిన మందే గుర్రానికి తగిలిందని ఒక ట్రైనర్ మొత్తుకున్నాడు. ఎలా తగిలిందో రుజువు చెయ్యలేకపోయాడు. రెండేళ్ల నిషేధం, 25,000 డాలర్ల జరిమానా పడ్డాయి. మరుసటి ఏడాదే ఇంకో సంగతి బయటపడింది. మెట్‌ఫార్మిన్‌ను ఎంత తక్కువ స్థాయిలో పట్టగలరన్నది ల్యాబ్‌కో తీరుగా ఉంది. ఒకచోట పాజిటివ్ అయ్యే శాంపిల్ ఇంకోచోట క్లీన్! దాంతో కొన్ని కేసులు ఆపేశారు.

సాకులు ఒప్పుకుంటే రేపు ప్రతి దొంగా నెపం సైసు మీదకే నెడతాడని అధికారులంటారు. అదీ నిజమే.

మన దగ్గర చిక్కు వేరు. వరంగల్ దగ్గరి మామునూరు వెటర్నరీ కాలేజీలో ఎవరినడిగినా చెప్తారు, ప్రొకేన్ పెన్సిలిన్ సూది వేసిన బర్రె పాలు కొన్నాళ్లు కేంద్రంలో పొయ్యకూడదని. అదే సూది గుర్రానికి వేస్తే పెన్సిలిన్ ఇన్ఫెక్షన్ తగ్గిస్తుంది, ప్రొకేన్ జాడ మూత్రంలో చాలా రోజులు నిలుస్తుంది. ప్రొకేన్ నొప్పి తెలియనివ్వని మందు కాబట్టే నిషేధం. 2017లో బెంగళూరులో గెలిచిన ఒక గుర్రం శాంపిల్‌లో దొరికింది ఇదే. రిపోర్టు తొక్కిపెట్టారన్న ఫిర్యాదు పోలీసుల దాకా వెళ్లింది. ఈసారి వేలు రేసు క్లబ్ వైపూ తిరిగింది.

రేసులు నడిపేదీ, టోట్‌లో (పందేల సొమ్మంతా ఒకచోట చేర్చి గెలిచినవాళ్లకు పంచే పద్ధతిలో) కమీషన్ తీసుకునేదీ క్లబ్బే. విచారణ జరిపే స్టీవార్డులూ క్లబ్ మనుషులే. అమెరికాలో ఆ పని వేరే సంస్థకు అప్పగించారు. ఇక్కడ చిన్న ట్రైనర్‌కు వెంటనే సస్పెన్షన్, పెద్ద తబేలాకు వాయిదాల మీద వాయిదాలు అన్న అనుమానం పోవాలంటే, పాజిటివ్ రిపోర్టు క్లబ్‌కు ఏ తేదీన అందిందో ప్రతి కేసులోనూ బయటపెట్టాలి.